మన్రో దొర సమాధి, దత్తమండలం లెక్క

సర్ థామస్ మన్రోను రెండుసార్లు పూడ్చారు. మొదటిసారి 1827 జూలైలో, గుత్తి కోట కింద దొరల శ్మశానంలో. రెండోసారి 1831లో, మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో. ప్రాణం పోయింది మాత్రం ఈ రెండు చోట్లా కాదు, పత్తికొండలో. ఇప్పుడది కర్నూలు జిల్లా. ఆయన గుడారం వేసుకున్న ఆ ఊళ్లో ప్రభుత్వం ఆయన పేరున ఒక తోపు పెంచి, రాతి మెట్ల బావి కట్టించింది. 1839 నాటికి మద్రాసులో గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం కూడా లేచింది. ఒక కలెక్టరుకు, ఆ తర్వాత గవర్నరైన మనిషికి, ఇన్ని గుర్తులు రాయలసీమలోనూ మద్రాసులోనూ ఎందుకు పుట్టాయో తెలియాలంటే ఆయన రాసిన లెక్కలు చూడాలి. సమాధి రాళ్ల మీద ఆ లెక్కలు లేవు.

అధికారి సమాధి మీదే ఆయన ఆఫీసు లెక్కలు రాసే ఆచారం ఈజిప్టులో ఉండేది. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో మూడో థట్మోస్, ఆయన కొడుకు రెండో అమెన్‌హోటెప్ కొలువుల్లో దక్షిణ ఈజిప్టు వజీరుగా పనిచేసిన రెఖ్మిరే సమాధి లక్సర్‌కు ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున కొండలో తొలిచి ఉంది. పురావస్తు పరిశోధకులు దానికిచ్చిన నంబరు టీటీ 100. లోపలి హాలు కప్పు గుమ్మం దగ్గర తక్కువ ఎత్తున మొదలై, లోపలికి పోయేకొద్దీ సుమారు 8 మీటర్ల దాకా లేస్తుంది. గోడల మీద ఏ పట్టణం ఎంత బంగారం, ఎన్ని ఎద్దులు, ఎంత బట్ట, ఎంత ధాన్యం, ఎంత తేనె కట్టిందో బొమ్మలతో సహా వరుసగా ఉంటుంది. బంగారం తూకానికి వాళ్ల కొలత దెబెన్, అంటే మన లెక్కలో 91 గ్రాముల చిల్లర. వజీరు రోజూ ఏం చేయాలో చెప్పే నియమావళి కూడా అదే గోడల మీద చెక్కి ఉంది. అందులో భూమి తగాదాల గడువు ఒకటి నాకు చాలా నచ్చుతుంది. రాజధాని చుట్టుపక్కల పొలం గురించి ఎవరైనా ఫిర్యాదు చేస్తే మూడు రోజుల్లో తేల్చాలి, దూరపు పొలమైతే రెండు నెలలు. మన రెవెన్యూ ఆఫీసుల ముందు చెట్ల కింద కూర్చునే రైతులకు ఈ సంగతి చెబితే నమ్మరు.

ఇంకో విశేషం ఉంది. ఇంత లెక్క రాసిపెట్టిన ఆ సమాధిలో శవాన్ని దించే బావి లేదు. రెఖ్మిరేను అక్కడ పూడ్చలేదు. గుత్తిలో మన్రో మొదటి సమాధి కూడా ఇప్పుడు ఖాళీయే. పత్తికొండ గుర్తులో శవం ఎన్నడూ లేదు. పోలిక ఇంతవరకే. రెఖ్మిరే లెక్కలు గోడెక్కాయి, మన్రో లెక్కలు కరణాల దస్త్రాల్లోనూ ఈస్టిండియా కంపెనీ నివేదికల్లోనూ ఉండిపోయాయి. గోడకు బదులు జనం నోళ్లలో మిగిలింది ఒక దేవుడి కథ. ఆ కథా ఈ లెక్కా ఒక్క మనిషివేనా అనిపిస్తుంది. రెండూ ఆయనవే.

80 మంది పాలెగాళ్లు, 30,000 మంది బంట్లు

1799లో టిప్పు సుల్తాను చనిపోయాడు. మైసూరు నుంచి 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన నేలను నిజాము 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో కంపెనీకి ఇచ్చేశాడు. తన రాజ్యంలో ఉండే ఇంగ్లీషు పటాలాల ఖర్చుకు అది బదులు. అలా ఇచ్చిన నేలే దత్తమండలం. నేటి కడప, అనంతపురం, బళ్లారి జిల్లాలు, కర్నూలు జిల్లాలో పెద్ద భాగం అందులో ఉన్నాయి. కర్నూలు పట్నం మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. రాయలసీమ అన్న పేరు ఈ నేలకు స్థిరపడింది చాలా తర్వాత, 1928 నంద్యాల ఆంధ్ర మహాసభలో.

మన్రోకు అప్పటికి 39 ఏళ్లు. 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కాల్బలం క్యాడెట్‌గా మద్రాసులో దిగి, హైదరాలీతో యుద్ధం చేశాడు. ఆ తర్వాత బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్లు భూమి శిస్తు పని నేర్చుకున్నాడు. కెనరాలో కొన్నాళ్లుండి దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు, ఎదురుగా సుమారు 20 లక్షల జనం.

ఆ జనానికీ ప్రభుత్వానికీ మధ్య 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. వాళ్ల కింద ఆయుధాలు పట్టిన బంట్లు 30,000 మంది అని అప్పటి అంచనా. సగటున ఒక్కో పాలెగాడికి 375 మంది. రాజులు మారినా ఊళ్లలో శిస్తు వసూలు చేసి తినేది వీళ్లే. మన్రో వాళ్లతో బేరానికి దిగలేదు. జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ సైన్యాన్ని వెంటబెట్టుకుని కోటలు కూల్చాడు, కప్పం పెంచాడు, కట్టలేనివాళ్లను తీసేసి పింఛన్లు రాశాడు. ఈ దూకుడు మీద లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆయన్ను తప్పుపట్టారు. ఆయన ఖాతరు చేయలేదు. పాలెగాడు పోతేనే రైతు పేరు నా పుస్తకంలోకి వస్తుందన్నది ఆయన పట్టు.

పాలెగాళ్లు ఒక్కళ్లే కాదు ఎదురు తిరిగింది. ఆదోని వైపు తెర్నేకల్లు ఊరు 1801లో శిస్తు కట్టం పొమ్మంది. ముందు నిలబడింది ఊరి పెద్ద ముత్తుకూరి గౌడప్ప. సైన్యం మొదటి దాడిని ఊరివాళ్లు తిప్పికొట్టారు. తర్వాత పెద్ద బలగం వచ్చింది, కోట పడింది, గౌడప్పను ఉరితీశారు. మన్రో పాలనలో ఇది మొదటి ఏడాది కథ. గుడుల్లో ఆయన గురించి చెప్పుకొనే కథల పక్కన ఇదీ చెప్పుకోవాలి. దేవనకొండ మండలంలోని ఆ ఊరి జనం గౌడప్పను ఇప్పటికీ తలుచుకుంటారు.

33 అడుగుల గొలుసు

పాలెగాళ్ల పని అయ్యాక నేల కొలత మొదలైంది. 1802లో. కొలత తెలిసిన గుమాస్తాలు అప్పటికి దొరికింది నలుగురే. ఆ నలుగురే మిగతావాళ్లకు నేర్పారు. కొద్దికాలంలోనే కొలిచేవాళ్లు వంద దాకా అయ్యారు. చేతిలో ఒక గొలుసు, పొడవు 33 అడుగులు.

ఈ 33 ఊరికే తీసుకున్నది కాదు. 33 అడుగుల గొలుసును పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వేస్తే వచ్చే చదరం 1,089 చదరపు అడుగులు. అంటే 121 చదరపు గజాలు. దాన్ని 40తో హెచ్చిస్తే 43,560 చదరపు అడుగులు, సరిగ్గా ఒక ఎకరం. ఆ చదరమే గుంట. ఎకరానికి 40 గుంటలు. భాగహారం తెలియని గుమాస్తా కూడా గొలుసులు లెక్కపెట్టి, గుంటలు కూడి, ఎకరాలు రాయగలడు. కృష్ణకు అవతల తెలంగాణలో భూమి బేరాలు నేటికీ గుంటల్లోనే నడుస్తాయి. సీమలో మనం సెంట్లలోకి మారిపోయాం, ఎకరానికి వంద.

కొలిచిన తర్వాత నేలను మూడు తరగతులు చేశారు. వానమీద ఆధారపడే మెట్ట, చెరువు కింద మాగాణి, బావి కింద తోట. ఒక్కో తరగతిలో మళ్లీ నేల సత్తువను బట్టి మెట్లు. రెడ్డినీ కరణాన్నీ పక్కన పెట్టుకుని తరగతి తేల్చేవారు. ఆ తర్వాత ఆ మెట్టుకు ఎకరాకు ఎంత శిస్తు అనేది కలెక్టరు కచేరీలో చుట్టుపక్కల ఊళ్ల రెడ్లు, కరణాలు, పెద్ద రైతులను కూర్చోబెట్టి నిర్ణయించేవారు. పక్క ఊరి రెడ్డి ఎదురుగా ఉంటాడు కాబట్టి తన ఊరి నేలను మరీ చవిటినేల అని చెప్పడానికి ఎవడికీ నోరు రాదు. మన్రో తెలివంతా ఇక్కడుంది. పని 1806 నాటికి ముగిసింది. ఈ ఏళ్లన్నీ ఆయన గుడారంలోనే గడిపాడు. బంగళాలో కూర్చుని చేసే పని కాదిది.

సరాసరి 700 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల ఇది, అదీ ఏ సంవత్సరం పడుతుందో ఏ సంవత్సరం ఎగ్గొడుతుందో తెలియదు. నైలు నదికి ప్రతి ఏడాదీ వరద వచ్చేది, ఆ వరద ఎత్తు కొలిచి ఈజిప్టు అధికారులు ఆ ఏటి పన్ను అంచనా వేసుకునేవారు. పెన్నా, హంద్రీ, కుందూ, పాపాఘ్ని నదులకు ఆ క్రమం లేదు. కాబట్టి ఇక్కడ నేలకు ఒక స్థిరమైన శిస్తు రాసి, వాన పడని ఏడు మాఫీ చేసే పద్ధతే నడవాలి. ఏటా జమాబందీ రోజు కలెక్టరు రైతుతో నేరుగా కూర్చుని ఈ సంవత్సరం ఏ చేను సాగు చేస్తున్నావు, ఏ చేను వదిలేస్తున్నావు అని రాసుకోవాలి. ఇదే రైత్వారీ. బెంగాల్‌లో కారన్‌వాలిస్ 1793లో జమీందార్లతో కుదుర్చుకున్న శాశ్వత ఒప్పందానికి ఇది పూర్తిగా విరుద్ధం.

10 లక్షల నుంచి 15 లక్షలకు

ఇప్పుడు దేవుడి కథలో కనపడని అంకె. మొదటి ఏడాది, 1800-01లో, దత్తమండలం శిస్తు సుమారు 10 లక్షల 6 వేల వరహాలు. మన్రో వెళ్లిపోయిన ఏడాది, 1806-07లో, 15 లక్షల 17 వేల వరహాలు. పెరిగింది 5 లక్షల 10 వేల చిల్లర. ఏడేళ్లలో సగానికి సగం పెరుగుదల. వరహాకు మూడున్నర రూపాయల లెక్కన 35 లక్షల రూపాయలు 53 లక్షలైంది. 20 లక్షల జనానికి పంచితే తలకు రెండు రూపాయల పది అణాలు పైచిలుకు పడుతుంది. మధ్యలో 1803 కరువు కూడా వచ్చిపోయింది.

కొంత పెరుగుదలకు న్యాయమైన కారణాలున్నాయి. పాలెగాళ్లు, ఊరి పెద్దలు దాచిన నేల కొలతలో బయటపడింది. దోపిళ్లు ఆగాక బీడు నేల సాగులోకి వచ్చింది. కానీ ఇంత పెరుగుదల అంతా దాచిన నేలదేనని నమ్మడం కష్టం. శిస్తు రేటే ఎక్కువ. ఆ మాట నేను అంటున్నది కాదు, మన్రోనే రాశాడు.

సెలవు మీద ఇంగ్లండుకు వెళ్లే ముందు, 1807 ఆగస్టు 15న, ఆయన మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. తాను విధించిన శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతానికి వస్తోందని, దాన్ని మూడో వంతుకు దించాలని అందులో సిఫారసు చేశాడు. ఎలా? మెట్టకూ మాగాణికీ సర్వే రేటు మీద 25 శాతం తగ్గింపు. బావి నీళ్లతోనో, వాగు నుంచి తోడిన నీళ్లతోనో సాగే నేలకు ఇంకో 8 శాతం కలిపి మొత్తం 33 శాతం.

దీన్ని ఒక రైతు కల్లంలో వేసి చూద్దాం. కోయిలకుంట్ల వైపు ఒక నల్లరేగడి చేనులో 100 పుట్ల విలువ పండిందనుకోండి. 45 శాతం శిస్తు అంటే సర్కారుకు 45, రైతుకు 55. ఆ 55లోంచే విత్తనం, ఎద్దుల మేత, కూలీ, ఇంటి తిండి. శిస్తులో 25 శాతం తగ్గిస్తే 45 కాస్తా 33.75 అవుతుంది, మూడో వంతుకు ఒక గీటు పైన. రైతుకు మిగిలేది 66.25. అంటే సర్కారుకు నాలుగో వంతు తగ్గితే రైతు చేతిలో మిగిలేది ఐదో వంతు పెరుగుతుంది. కపిల తోలే బావి రైతుకు ఇంకా మేలు. 45లో 33 శాతం పోతే 30.15 మాత్రమే కట్టాలి, దాదాపు 70 మిగులు. బావి తవ్విన ఖర్చు, రోజూ ఎద్దులను వెనక్కీ ముందుకూ నడిపించే కష్టం రైతుదే కాబట్టి ఆ 8 శాతం అదనం పెట్టాడు. సీమ బావుల సంగతి తెలిసినవాడే ఆ 8 శాతం రాయగలడు.

మూడో వంతు దగ్గరే ఎందుకు ఆగాడన్నదానికి ఆయన తర్కం ఉంది. శిస్తు పంటలో మూడో వంతుకు దిగితే సొంతంగా దున్నని మనిషి కూడా భూమి కొని, కౌలుకిచ్చి, నష్టం లేకుండా బతకగలడు. అప్పుడు భూమికి ధర వస్తుంది. ధర ఉన్న భూమిని రైతు వదిలి పారిపోడు. 45 శాతం దగ్గర భూమి ఎవరికీ ఆస్తి కాదు, బరువు.

ప్రభుత్వం ఈ తగ్గింపు ఒప్పుకోలేదు. కంపెనీ ఖజానా యుద్ధాలతో అలసి ఉంది. పైగా మన్రో వెళ్లాక మద్రాసు బోర్డు రైత్వారీనే పక్కన పెట్టి, ఊళ్లకు ఊళ్లు గుత్తకిచ్చే పద్ధతి తెచ్చింది. ముందు మూడేళ్ల గుత్తలు, తర్వాత 1811 నుంచి పదేళ్ల గుత్తలు. గుత్తేదారు ఎక్కువ పాడాడు, కట్టలేక కూలిపోయాడు, ఆస్తులు పోగొట్టుకున్నాడు, కొందరు జైలు చూశారు. ఆ 45 శాతం బరువు 13 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1820 జూన్‌లో మన్రో ఈసారి గవర్నరుగా మద్రాసులో దిగాడు. రైత్వారీ తిరిగి వచ్చింది. 25 శాతం, 33 శాతం తగ్గింపులు దత్తమండలంలో అప్పుడు అమలయ్యాయి. వద్దనుకున్న చేను వదిలేసే స్వేచ్ఛ రైతుకు వచ్చింది.

కడపలోనూ కర్నూలులోనూ మన్రోను దేవుడిగా తలుచుకున్న తాతలు గుర్తుపెట్టుకున్నది ఈ 1820 తర్వాతి మన్రోను. శిస్తు పెంచిన 1807 మన్రోను వాళ్లు మరిచిపోయారు, లేదా ఆ పాపం మధ్యలో వచ్చిన గుత్తేదారు మీదకు పోయింది. పెంచింది సగం, తగ్గించింది పావు. అంకెల్లో చూస్తే ఆయన తన బరువునే కొంత దించాడు. అయినా ఒక అధికారి తాను వేసిన పన్ను ఎక్కువైందని కాగితం మీద రాసి, దాన్ని దించడానికి 13 ఏళ్లు పట్టుబట్టడం కంపెనీ చరిత్రలో అరుదు. ఈ మాట ఒప్పుకోకుండా ఆయన్ను ఒట్టి దోపిడీదారు అనేయడం నాకు సరిగా తోచదు.

బంగారు తోరణం

మంత్రాలయం వెళ్లినవాళ్లకు తెలిసిన కథే. 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావనం ప్రవేశించిన చోటు. మఠం ఇనాం భూమిని కంపెనీ వెనక్కి తీసుకోబోతే, విచారణకు వచ్చిన మన్రో చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడని, స్వామి ఆయనకు మాత్రమే కనిపించి, ఇంగ్లీషులో మాట్లాడి, మంత్రాక్షతలు ఇచ్చాడని, మన్రో ఇనాం కొనసాగించమని రాశాడని చెబుతారు. ఈ కథ జిల్లా గెజిటీరు దాకా ఎక్కింది. ఒక సమాధి ముందు ఒక రెవెన్యూ అధికారి చేతులు కట్టుకుని నిలబడటం, విషయం మళ్లీ భూమే కావడం చూడండి.

కడప జిల్లా గండిలో కథ వేరు. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట, రాముడు అటుగా వస్తున్నాడని వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనిపిస్తుందట. మన్రోకు కనిపించింది, కొద్ది నెలల్లో పోయాడు అంటారు. తిరుమల గుడిలో మన్రో గంగాళం అనే పాత్రలో నైవేద్యం పెట్టే ఆచారం ఉంది. ఆయన్ను మాండవ్య ఋషి అంశ అన్నారు. మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఒక స్కాట్లాండు దొర పేరుకు అప్ప చేర్చి ఇంట్లో పిలుచుకోవడం దత్తమండలం తప్ప మరోచోట జరిగినట్టు లేదు.

గవర్నరుగా ఆయన లెక్కల పిచ్చి తగ్గలేదు. 1822 జూన్ 25న రాష్ట్రంలో బడులెన్ని, పిల్లలెంతమంది అని ప్రతి కలెక్టరునూ అడిగాడు. 1826లో వచ్చిన మొత్తం: 1,28,50,941 జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే దాదాపు వెయ్యి మందికి ఒక బడి. పత్తికొండ, ఆదోని అప్పట్లో ఉన్న బళ్లారి జిల్లా నుంచి వచ్చిన జవాబు మరీ వివరంగా ఉంటుంది: 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లో కన్నడంవి 235, తెలుగువి 226, సంస్కృతం, మరాఠీ చెరి 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. బడికి పన్నెండు మందే పిల్లలు. జనాభాలో ఇంత తక్కువ మంది బడికి పోతున్నారని మన్రో బాధపడ్డాడు, మన చరిత్రకారులు ఇన్ని బడులుండేవా అని తర్వాత ఆశ్చర్యపోయారు. ఒకే అంకె, ఇద్దరికీ రెండు అర్థాలు. సి.పి. బ్రౌన్ కడపకు ఉద్యోగానికి వచ్చింది కూడా ఈ గవర్నరు కాలంలోనే, 1820లో. దేశభాష రాని దొర జిల్లాకు పనికిరాడన్న మన్రో పట్టుదల బ్రౌన్‌ను తెలుగు వైపు తోసింది.

1827 జూలై 6

పదవి వదిలి స్వదేశం వెళ్లే ముందు దత్తమండలాన్ని చివరిసారి చూడాలని 1827 మేలో మద్రాసు నుంచి బయల్దేరాడు. వయసు 66. అప్పటికి రెండేళ్ల ముందే బారొనెట్ బిరుదు వచ్చింది. 1817లో బెంగాల్‌లో జెస్సోర్ వైపు నుంచి విజృంభించిన కలరా పదేళ్లుగా దేశమంతా తిరుగుతోంది. గుత్తి దగ్గర ఆయన మకాంలోనే మనుషులు పోవడం మొదలైంది. జూలై 6 ఉదయం పత్తికొండ చేరేసరికి ఆయనకూ సోకింది, రాత్రికి పోయాడు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో తేల్చడానికి ఇంకా 27 ఏళ్లుంది. ఆయన జ్ఞాపకానికి అదే ఊళ్లో ప్రభుత్వం బావి కట్టించడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచి ఉండదు.

గుత్తిలో పూడ్చారు. నాలుగేళ్ల తర్వాత తవ్వి తీసి, 1680లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. ఫ్రాన్సిస్ చాంట్రీ చెక్కిన గుర్రపు విగ్రహానికి రికాబులు లేవు, జీను లేదు. శిల్పి మరిచిపోయి సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడన్న మద్రాసు కట్టుకథ అబద్ధం.

మన్రో పాలెగాళ్లకు రాసిన పింఛన్ల లెక్క మాత్రం ఆయనతో పోలేదు. నొస్సం పాలెగాళ్ల కుటుంబంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు వచ్చేది. అప్పటి పై అణాలో పన్నెండో వంతు. పన్నెండు నెలలకు కూడితే సరిగ్గా 140 రూపాయలు, ఒక్క దమ్మిడీ అటూఇటూ లేకుండా. ఒక పాలెం మొత్తానికి బదులు వచ్చిన పైకంలో ఆ ఇంటికి మిగిలిన వాటా అది. బంధువు చనిపోయాక ఆగిపోయిన పింఛనులో తనకు రావలసింది ఇమ్మంటే ఇవ్వలేదు. ఊళ్లలో కాపలా పనికి ఇచ్చిన ఇనాం భూములు పోయిన కట్టుబడివాళ్లు ఆయన వెంట చేరారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తల 1877 దాకా, అంటే 30 ఏళ్లు, కోట బురుజుకు వేలాడింది. 

1858లో కర్నూలు జిల్లాను కొత్తగా గీసినప్పుడు బళ్లారి నుంచి పత్తికొండను, కడప నుంచి కోయిలకుంట్లను తెచ్చి అందులో కలిపారు. మద్రాసు ప్రభుత్వం కొత్త సర్వే శాఖ పెట్టింది కూడా ఆ ఏడాదే. మన్రో కొలతల మీద ఆధారపడకుండా నేలనంతా మళ్లీ కొలిచి, శిస్తు మళ్లీ కట్టడం ఆ శాఖకు అప్పగించిన పని.